గెట్టు దాటాక భోజనం

పోయిన ఆదివారం జనగామ దగ్గర రోడ్డు పక్కన కొత్తగా తెరిచిన ఒక తోట హోటల్‌కు మా ఆయన, మా అమ్మాయి కలిసి నన్ను లాక్కెళ్లారు. ఈ మధ్య మా వైపు ఇవి బాగా వచ్చాయి. పొలం మధ్యలో పందిళ్లు, వాటి కింద బల్లలు, ఒక పక్క కట్టెల పొయ్యి మీద నాటుకోడి. తిన్నాక తోటంతా తిరిగి ఫోటోలు దిగవచ్చు. అక్కడివి ద్రాక్ష పందిళ్లు. మాగిన ద్రాక్ష ఎండకు వేడెక్కితే ఒక వాసన వస్తుంది, తియ్యగా, కొంచెం పులిసినట్టు. దానికి మాంసం వేగుతున్న పొగ తోడైంది. ఆ రెండూ కలిసి ముక్కుకు తగలగానే నా కాళ్లు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఎలాగో వెళ్లి కూర్చున్నాను. వడ్డించడానికి వచ్చిన ఆమెను నా నోరు ఊరుకోక, ఈ తోట ఎవరిది, దీని పక్క చెలక ఎవరిది అని అడిగాను. మా అమ్మాయి తల పట్టుకుంది. తినడానికి వచ్చామమ్మా, కొలవడానికి కాదు అంది. నేనూ నవ్వాను గాని ముద్ద దిగలేదు. ఇంటికి వచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను భూములు కొలిచే సర్వేయర్‌ని. పేరు సరోజ. మాది కురవి దగ్గర ఒక తండా. మా తండాలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం, దాచుకోను. ఉద్యోగం వచ్చింది నా చదువు వల్ల, పని వచ్చింది మాత్రం రాజలింగం సార్ వల్ల. ఆయన మహదేవపూర్ వైపు, గోదావరి ఒడ్డు మనిషి. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎండకు కళ్లు చికిలించుకుని ఉండేవాడు. నేను చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. అప్పట్లో కొలిపించుకునే వాళ్లు ఎక్కువ, కొలిచే వాళ్లు తక్కువ. అందుకని మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి మూడు వైపులకూ మమ్మల్నే తిప్పేవారు. ఆయన బండి వెనక కూర్చుని ఎన్ని ఊళ్లు తిరిగానో నాకే తెలియదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన్ని ఎరగని వాళ్లకు చెప్పాలంటే తిండి దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన నాకు చెప్పిన పాఠాలన్నీ ఏదో ఒక హోటల్ బల్ల దగ్గరే జరిగాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గెట్టు పంచాయితీ వచ్చి, పొలం హద్దు కొలవమని దరఖాస్తు పెట్టుకున్న వాళ్లు, కొలిచే రోజున సర్వేకు వచ్చిన వాళ్లకు వండి పెడతారు. దాన్ని ఎవరూ లంచం అనుకోరు. పొద్దుటి నుంచి ఎండలో కొలత గొలుసు లాగిన మనిషికి ఇంత బువ్వ పెట్టకపోతే ఊరు నవ్వుతుంది. నేను ఆయనతో మొదటిసారి పోయిన ఊళ్లో కూడా అలాగే కోడిని కోశారు. మధ్యాహ్నానికి పని అయింది. ఆ ఇంటి ఇల్లాలు కాళ్లకు నీళ్లిచ్చి, వాకిట్లో చాప పరిచి, గిన్నె మూత తీసింది. ఆకలికి నా కడుపు కాలిపోతోంది. సార్ చేతులు జోడించి, మాకు వద్దు తల్లీ, ఏమనుకోకు అని బండి స్టార్ట్ చేశాడు. ఆమె గిన్నె మీద మూత పెట్టేసింది. నేను నిర్ఘాంతపోయాను. మా తండాలో ముందు పెట్టిన బువ్వను కాదని లేచిపోవడం కంటే చెంప మీద కొట్టడం నయం అనుకుంటారు.

రెండు ఊళ్లు దాటాక ఒక రేకుల షెడ్డు హోటల్ దగ్గర బండి ఆపాడు. చల్లారిన మిర్చి బజ్జీలు, చాయ్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచడం రాదు. కోడికూరకు గెట్టు జరుపుతరా సార్ మీరు అని అడిగేశాను. చేరి నాలుగు రోజులు కాలేదు, పై అధికారిని అలా అడిగానని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన మాత్రం బజ్జీ తుంచుకుంటూ నిదానంగా చెప్పాడు.

"జరపను బిడ్డా. జరపనని నేను అనుకుంట. గదే నా భయం. కొలిచిన ఊళ్ల తినొద్దు. గెట్టు దాటినంక తిందాం."

ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు. సారుకు కొంచెం పొగరు, కొంచెం పిచ్చి ఉన్నాయని మాత్రం తేల్చుకున్నాను. చాలా ఊళ్లలో జనం కూడా అదే అనుకునేవారు.

ఆ నియమం పుణ్యమా అని ఆ మూడు వైపులా మేము తినని హోటల్ లేదు. భూపాలపల్లిలో బొగ్గు బాయి షిఫ్టు దిగిన వాళ్లతో కలిసి పొద్దున్నే దోసెలు తినేవాళ్లం. వాళ్ల కనురెప్పల దగ్గర ఇంకా నల్లగా ఉండేది. మహదేవపూర్ పోతే గోదావరి చేపల వేపుడు. అక్కడ మాత్రం సార్ తన ఊరి పేరు చెప్పి రెండు ముక్కలు ఎక్కువ వేయించుకునేవాడు. ఎండాకాలం దారిలో తాటివనం కనిపిస్తే బండి ఆగేది. ఆయన తాటాకు రేకలో కల్లు తాగుతుంటే నేను పక్కన కూర్చుని ఉడికించిన బొబ్బర్ల గుడాలు తినేదాన్ని. ఎక్కడా ఆయన పెద్ద హోటల్ వెతకలేదు. మనం పొలం కొలిచిన మనిషి ఇక్కడ లేడు కదా, అది చాలు అనేవాడు.

హోటల్లో కూర్చోవడం కూడా నాకు ఆయనే నేర్పాడు. మొదట్లో నేను ఎప్పుడూ మూలన, గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. వేసింది తిని లేచేదాన్ని. కూర మళ్లీ అడగాలంటే గొంతు పెగిలేది కాదు. ఒకరోజు జనగామ బస్టాండు దగ్గర ఆయన నా ప్లేటు తీసి బల్లకు అవతలి వైపు పెట్టాడు, జనం కనిపించే వైపు. ఇటు కూసో, కూర కావాలంటే గట్టిగ అడుగు అన్నాడు. నేను అడిగాను. సగం హోటల్ తిరిగి చూసింది, కూర వచ్చింది. గెట్టు మీద నలుగురు మగవాళ్లు ఒకేసారి అరుస్తుంటే నిలబడి మాట్లాడే ధైర్యం ఆ కూర గిన్నె దగ్గరే వచ్చిందంటే మీరు నమ్మరు. పనిలో ఆయన పట్టుదల ఇంకొకటి. ఏ హద్దుకైనా ఒక్క రాయి నుంచి కొలిచి ఊరుకోవద్దు, రెండో వైపు రాయి నుంచి కూడా కొలుచుకుంటూ రావాలి, రెండూ ఒక్క చోట కలిస్తేనే అది గెట్టు. పూట కాదు, రెండు రోజులు పట్టినా సరే.

ఒక్క కేసముద్రం మెస్సు మాత్రం నాకు నచ్చేది కాదు. మార్కెట్ యార్డు వెనక, లారీల దుమ్ములో ఉండేది. మల్లవ్వ అనే పెద్దావిడ నడిపేది. అన్నం బిరుసు, పప్పు నీళ్లు, కూరలో ఉప్పు ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే. పక్కనే నాలుగు అడుగుల దూరంలో మంచి హోటల్ ఉన్నా సార్ అక్కడికే పోయేవాడు. తల ఎత్తకుండా తినేవాడు. మల్లవ్వ చేతి ఉప్పు మీకు మందేమన్న పనిచేస్తదా సార్ అని నేను ఏడిపించేదాన్ని. అన్నిటికీ నవ్వే మనిషి దానికి మాత్రం నవ్వేవాడు కాదు. నేనూ పట్టించుకోలేదు.

ఉద్యోగంలో రెండో ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు జనగామ వైపు ఒక గెట్టు కొలవడానికి నన్ను ఒక్కదాన్నే పంపారు. సార్ భూపాలపల్లి పనిలో ఉన్నాడు. ఒకవైపు పెద్ద ద్రాక్షతోట. దాని యజమానిది ఆ ఊళ్లో పేరున్న భూమి గల కుటుంబం. ఇంకో వైపు ఆ పక్క తండాకు చెందిన జాంకీబాయి మిర్చి చెలక. ఆమె భర్త హైదరాబాద్‌లో కూలి పనికి పోయాడు, చెలక ఆమె ఒక్కతే చూసుకుంటుంది. రెండిటి మధ్య ఒక బోరుబావి ఉంది. అది నాదంటే నాదని ఇద్దరికీ తగాదా. బోరు పోతే జాంకీబాయి మిర్చి వారం రోజుల్లో ఎండిపోతుంది. ఆమెకు ఇంకో నీటిచుక్క లేదు. ఈ సంగతి కాగితాలు చూసినప్పుడే నాకు తెలుసు. తెలియదని చెప్పుకోను.

నేను పోయేసరికి తోటలో వంట అవుతోంది. నాకు సార్ నియమం గుర్తుంది, వద్దనే చెప్పాను. కాని యజమాని భార్య సుగుణమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ద్రాక్ష పందిరి కింద తమ బల్ల దగ్గరికి తీసుకుపోయి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఇంట్లోంచి తమ కంచాలే తెప్పించి తనకొకటి, నాకొకటి పెట్టింది. ఎంత చదివినవ్ బిడ్డా, మీ అమ్మ ఎంత సంబరపడుతున్నదో అని అడుగుతూ ముక్కలు ఏరి నా కంచంలో వేసింది. చిన్నప్పుడు మా యాడి, అంటే మా అమ్మ, ఇలాంటి వాళ్ల పొలాల్లో కలుపుకు పోతే నేనూ వెంట పోయేదాన్ని. మధ్యాహ్నం మమ్మల్ని వాకిలి బయట కూర్చోబెట్టి, కంచానికి తగలకుండా పైనుంచి అన్నం వేసేవాళ్లు. అటువంటి ఇంటి కంచంలో, ఆ ఇంటి ఇల్లాలి పక్కన కూర్చుని తింటున్నానన్న సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. మా యాడి ఇది చూస్తే బాగుండునని అనుకున్నాను. ఆ అన్నం నాకు ఎంత రుచించిందో చెప్పడానికి సిగ్గుపడను.

తిన్నాక యజమాని పంపు షెడ్డు పక్కన ఒక హద్దురాయి చూపించాడు. తన తండ్రి నాటి నుంచి అదే రాయి అన్నాడు. రెండో వైపు రాయి ఎక్కడో ముళ్లకంప అవతల ఉంది. కంప నరికించి, దాన్ని వెతికి, అటు నుంచి కొలుచుకు రావాలంటే ఇంకో పూట పడుతుంది. పైగా ఇప్పుడే కడుపునిండా పెట్టిన మనిషితో, మీ రాయి నిజమో కాదో చూస్తాను అని ఎలా అంటాం? ఆ ఒక్క రాయి నుంచే కొలిచాను. బోరు తోటవైపు పడింది. జాంకీబాయి ఎండలో నిలబడి అంతా చూస్తోంది. మా లంబాడీ భాషలో నన్ను ఒక్కటే అడిగింది, నువ్వు మన పిల్లవు కదా, సరిగ్గానే కొలిచావా అని. సరిగ్గానే కొలిచాను యాడీ అన్నాను. మన పిల్ల చెప్పింది కదా అని ఆమె ఇంకేమీ అడగకుండా కాగితం మీద వేలిముద్ర వేసింది.

నాలుగు రోజులకు సార్ భూపాలపల్లి నుంచి వచ్చాడు. నేను గీసిన పటం సంతోషంగా ఆయన ముందు పెట్టాను, ఒంటరిగా చేసిన మొదటి పెద్ద గెట్టు కదా. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత అడిగింది పటం గురించి కాదు.

"ఎక్కడ తిన్నవ్?"

తిన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లు కూడా లేరు. నేను అబద్ధం ఆడబోయి ఆగిపోయాను. ఆయన పటంలో రెండో రాయి ఉండాల్సిన చోట వేలు పెట్టాడు. అక్కడ నేను ఏమీ గీయలేదు. నిన్ను నేను ఎరుగుదును, ఊరికే అయితే నువ్వు ఆ రాయి వెతక్కుండా రావు అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. నేను అక్కడే ఏడ్చేశాను. నేనెవరి దగ్గరా పైసా ముట్టలేదు, ఎవరికీ మేలు చేయాలనుకోలేదు, అయినా ఒక ఆడమనిషి బోరు తీసి ఇంకొకరికి ఇచ్చి వచ్చాను. అదీ మా తండాల మనిషిది. నాకు నా మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

మరునాడు మధ్యాహ్నం ఆయన నన్ను బండి ఎక్కించుకుని కేసముద్రం తీసుకుపోయాడు. అదే మెస్సు, అదే బిరుసు అన్నం. జనం పలచబడ్డాక, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఈ పక్కనే ఒక ఊళ్లో గెట్టు కొలిచాడట. ఒక పక్షం వాళ్లు యాటను, అంటే మేకపోతును, కోసి విందు చేశారట. తిని, వాళ్లు చూపిన రాయి నుంచే కొలిచాడట. రెండేళ్ల తర్వాత ఆ పక్క పొలం కొలవబోతే తన పాత గీత తప్పని తెలిసిపోయింది. అప్పటికి ఆ తప్పు గీత వల్ల భూమి పోగొట్టుకున్న రైతు మిగిలింది అమ్ముకుని కూలికి పోయాడు, పోయినచోటే జబ్బు చేసి చచ్చిపోయాడు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో సార్ ఎవరికీ చెప్పలేదు. ఆ రైతు భార్య మార్కెట్ వెనక మెస్సు పెట్టుకుంది.

నేను తలెత్తి చూశాను. మల్లవ్వ అవతలి బల్ల మీద నీళ్లు చల్లి తుడుస్తోంది. మచ్చలేని మనిషి అని నేను పదిమందికి చెప్పుకున్న మనిషి ఈయనేనా అని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆమెకు చెప్పారా సార్ అని అడిగాను. లేదన్నాడు. ఇన్నేళ్లుగా ఆమె చేతి అన్నం తింటూ, చెప్పకుండా ఎలా ఉన్నారు అని అడిగాను. ఈసారి నా గొంతు లేచింది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి బయటికి పోయాడు.

అప్పుడు మల్లవ్వ నా ప్లేటు తీయడానికి వచ్చింది. తీయకుండా నిలబడింది.

"మీ సారు నీకు చెప్పిండా బిడ్డా? నాకు మొదటి దినం సంది ఎరుకే. మా గెట్టు మీద గొలుసు పట్టుకున్న మనిషిని మర్సిపోతనా? ఇయ్యాల చెప్తడు, ఇయ్యాల చెప్తడు అని బువ్వ పెడుతున్న."

ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఆ మాట చెప్పి ప్లేటు తీసుకుని పోయింది. ఎలా బండి ఎక్కానో గుర్తులేదు. రైల్వే గేటు పడి ఉంటే ఆగాం. గూడ్సు బండి పోతోంది. ఆ చప్పుడులోనే ఆయన చెవి దగ్గర చెప్పాను, మల్లవ్వకు ఎరుకేనట సార్, మొదటి రోజు నుంచి ఎరుకేనట అని. రైలు పోయింది, గేటు లేచింది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన కదలడు. కాసేపటికి బండిని వెనక్కి తిప్పాడు.

మెస్సులో ఇద్దరు హమాలీలు తింటున్నారు. సార్ గుమ్మంలోనే చెప్పులు విప్పాడు. వాళ్లు వింటారని కూడా చూసుకోలేదు. మల్లవ్వా, నీ గెట్టు నేను తప్పు కొలిచిన, తెలిసినంక కూడా చెప్పలే అన్నాడు. ఇక ఏడుస్తాడేమో, ఆమె ఓదారుస్తుందేమో అని నేను అనుకున్నాను. మా ఇళ్లలో అలాగే జరుగుతుంది. మల్లవ్వ చేతిలో గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గీ మాట మా ఇంటాయన ఉన్నప్పుడు చెప్తే బాగుండు సారూ. చెప్పినవ్, అయిపోయింది. ఇగ ఇక్కడికి రాకు."

సార్ సరే అన్నాడు. చెప్పులు వేసుకుని వచ్చేశాడు. తర్వాత తన తప్పంతా ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, నా చేత ఆమెకు పంపించాడు. ఆ కాగితంతో ఆమె ఏం చేసిందో నాకు తెలియదు. ఆఫీసులో కూడా ఒక నకలు ఇచ్చాడు, దాని మీద విచారణ నడిచి ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. దాని గురించి ఒక్కనాడూ బాధపడగా నేను చూడలేదు. మళ్లీ కేసముద్రం పని పడితే ఇద్దరం ఆ మెస్సు ముందునుంచే పోయేవాళ్లం గాని ఆయన అటు తల తిప్పేవాడు కాదు.

నా గెట్టు మిగిలింది. రెండు పక్షాలకూ మళ్లీ నోటీసులు ఇచ్చి, వారం తిరక్కుండా జనగామ పోయాం. సార్ నాకంటే పెద్ద అధికారి అయినా ఆ రోజు గొలుసు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. నువ్వే కొలువు, నువ్వే చెప్పు అన్నాడు. కంప నరికించాం. రెండో రాయి మట్టిలో సగం దిగి ఉంది. అటు నుంచి కొలుచుకుంటూ వస్తే పంపు షెడ్డు పక్క రాయి ఉండాల్సిన చోటు కంటే ఎనిమిది అడుగులు చెలకవైపు జరిగి ఉంది. ఎవరు జరిపారో ఎవరికీ తెలియదు. యజమానికి కూడా తెలియదని ఆయన మొహం చూస్తే నాకు అనిపించింది. బోరు జాంకీబాయి చెలకలోనే ఉంది. అంతమంది ముందు నేను చెప్పాల్సిన మాట ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వచ్చాను. మొన్న నేను కొలిచింది తప్పు, రెండో రాయి చూడలే, తప్పు నాదే అని చెప్పాను.

సుగుణమ్మ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. మేము ఏదో ఆశపడి పెట్టలే బిడ్డా, నిన్ను చూస్తే మా పిల్ల లెక్క అనిపించి పెట్టినం అంది. అది నిజమేనని ఇప్పటికీ నా నమ్మకం. అందుకే ఆమె మొహం చూడలేకపోయాను. వాళ్లు గొడవ చేయలేదు. కొలత కాగితం మీద సంతకం పెట్టి, తోటలోకి పోయి గేటు వేసుకున్నారు.

మేము సామాన్లు సర్దుకుంటుంటే జాంకీబాయి చెలక ఒడ్డునున్న తన గుడిసెలోకి పోయి వచ్చింది. చేతిలో కంచం, కంచంలో రెండు జొన్నరొట్టెలు, రోట్లో నూరిన పచ్చి మిరపకాయల కారం. ఇంకో చేత్తో చెంబు. అప్పుడే కాల్చిన రొట్టె, ఆవిరి లేస్తోంది. కూర్చుని తిను అంది మా భాషలో. నేను సార్ వైపు చూశాను. ఆయన బండి దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. గెట్టు ఇంకా దాటలేదు. ఇంకా కాగితాలు పైకి పోవాలి, ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, మళ్లీ కొలవాల్సి రావచ్చు. ఒక్కసారి తిని చేసిన పని కళ్లముందే ఉంది. వద్దు యాడీ, ఇక్కడ నేను తినకూడదు అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, కంచం కిందికి దించింది.

"వాళ్లింట్ల తిన్నవు. మా ఇంట్ల తినవా?"

నియమం గురించి చెబితే, ఆ నియమం ఆ రోజు ద్రాక్ష పందిరి కింద ఎక్కడికి పోయిందని అడుగుతుంది. అడగడం న్యాయం కూడా. రొట్టెలు గుడ్డలో చుట్టుకుని గుడిసెలోకి వెళ్లిపోయింది. జనగామ రోడ్డు ఎక్కాక సార్ ఒక హోటల్ ముందు ఆపి రెండు భోజనాలు చెప్పాడు. ఇద్దరి ముందూ ప్లేట్లు అలాగే ఉండిపోయాయి. నేను తప్పు చేశానా సార్ అని అడిగాను. ఆయన, తినకపోవుడే సరి బిడ్డా, గని ఆమె అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు అన్నాడు. అన్నీ నేర్పిన మనిషి ఆ ఒక్కటి నాకు నేర్పలేకపోయాడు.

ఆ తర్వాత కొలిచిన ఊళ్లో నేను ఎక్కడా తినలేదు. ప్రతి హద్దుకూ రెండు రాళ్ల నుంచి కొలుచుకుంటూ వస్తాను, తప్పు జరిగితే ఆ రోజే, ఆ మనుషుల ముందే చెబుతాను. అవి రెండూ రాజలింగం సార్ ఇచ్చినవే. కొత్తగా వచ్చిన సర్వేయర్లకు నేర్పుతున్నాను కూడా. జాంకీబాయి బోరు ఆమెకే ఉంది, ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారని విన్నాను. ఆ కాగితాలు తేలి చాలా ఏళ్లయింది, ఇక పోయి తినవచ్చు, అడ్డేమీ లేదు. పోలేదు. ఏం మొహం పెట్టుకుని పోను?

ఈ ఎండాకాలం మొదట్లో ఆ తండా నుంచి ఒకామె ఏదో పనిమీద మా ఆఫీసుకు వచ్చింది. మా భాషలో పలకరించి, నన్ను గుర్తుపట్టావా, మీ దగ్గర జాంకీబాయి గెట్టు కొలిచింది నేనే అన్నాను. నా పేరు చెప్పాను, తెలియదంది. మా ఊరు చెప్పాను, తెలియదంది. బోరు ఇప్పించిన సర్వేయరమ్మను అన్నాను. అప్పుడు ఆమె మొహం వెలిగింది.

"ఓ, నువ్వా. తోటోళ్ల ఇంట్ల తిని, మనింట్ల తినని పిల్లవు."

ఆమె నవ్వుతూనే అంది. ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను, పని చేసి పంపాను. ఆ తండాలో నాకు ఉన్న పేరు అదే.